ఫీడ్ రీడర్ అంటే ఏమిటి? వార్తల లొల్లిని అది ఎంతవరకు తగ్గిస్తుంది?

2025 ఫిబ్రవరి 28న వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చింది. శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందంలోని 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న నిబంధన దగ్గర ఏళ్ళ తరబడి ఆగిపోయిన ఫైలు అది. శంషాబాద్‌ను నడిపే సంస్థ అభ్యంతరం లేదని చెప్పాక కదిలింది. జరిగింది ఒక్క పని. వరంగల్, హన్మకొండల్లో ఫోన్ ఉన్నవాళ్ళకు మాత్రం అదే ముచ్చట రకరకాల వేషాల్లో వచ్చింది. యూట్యూబ్ థంబ్‌నెయిల్‌గా, వాట్సాప్‌లో పత్రిక క్లిప్పింగ్‌గా, ఆ ఘనత ఎవరిదని పార్టీల వాళ్ళు తగువులాడుకునే పోస్టుగా, చివరికి ప్లాట్ల ప్రకటనగా కూడా. భూసేకరణ, పరిహారం, రన్‌వే పొడిగింపు లాంటి అసలు పనులు నెలల లెక్కన నడుస్తాయి. ఫోన్ నిమిషాల లెక్కన మోగుతుంది.

ఈ మోతతో విసిగినవాళ్ళకు ఎవరో ఒకరు ఫీడ్ రీడర్ వాడమని సలహా ఇస్తుంటారు. అక్కడి నుంచి అనుమానాలు మొదలవుతాయి. ఇది ఇంకో న్యూస్ యాపేనా? నోటిఫికేషన్లు ఆపేస్తే సరిపోదా? గూగుల్ దీన్ని ఎప్పుడో మూసేసింది కదా? మూడూ న్యాయమైన ప్రశ్నలే.

ఫీడ్ అంటే ఒక ఫైలు

గ్రామపంచాయతీ గోడ మీద నోటీసు బోర్డు ఉంటుంది. కొత్త కాగితం అంటించడం వరకే కార్యదర్శి పని, వచ్చి చూసుకోవడం జనం పని. వెబ్‌సైట్ ఫీడ్ కూడా అలాంటిదే. సైట్‌లో కొత్తగా వచ్చిన పది ఇరవై వ్యాసాల వివరాలు ఒక ఫైల్లో ఉంటాయి. ఒక్కో వ్యాసానికి శీర్షిక, లింకు, ప్రచురించిన సమయం, కొద్దిపాటి సారాంశం లేదా పూర్తి పాఠం, ఒక గుర్తింపు సంఖ్య ఉంటాయి. కొత్త వ్యాసం రాగానే అది ఫైల్లో పైన చేరుతుంది, పాతది కింద నుంచి జారిపోతుంది.

ఫీడ్ రీడర్ మీ తరఫున ఆ బోర్డులన్నీ తిరిగి చూసొచ్చే యాప్. మీరు ఎంచుకున్న ప్రతి సైట్‌నూ అరగంటకో గంటకో ఒకసారి "పోయినసారి చూసిన తర్వాత ఏమైనా మారిందా?" అని అడుగుతుంది. మారకపోతే సర్వర్ 304 అనే జవాబు ఇచ్చి ఊరుకుంటుంది, ఫైలు పంపదు. మారితే కొత్తవి తెచ్చి మీ జాబితాలో పెడుతుంది. మీరు తెరిచినప్పుడు ఏ సైట్‌లో ఎన్ని కొత్తవి ఉన్నాయో కనిపిస్తుంది. అవి చదివేస్తే జాబితా అయిపోతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాలను కింద నుంచి పైకి ఎంత తోసినా అడుగు తగలదు. ఇక్కడ అడుగు ఉంటుంది.

పైన చెప్పిన గుర్తింపు సంఖ్య చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ రీడర్లలో వచ్చే చికాకుల్లో కొన్ని దాని వల్లే. చదివిన వ్యాసాన్ని రీడర్ శీర్షికతో గుర్తుపెట్టుకోదు, ఆ సంఖ్యతో గుర్తుపెట్టుకుంటుంది. సైట్ వాళ్ళు సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు సంఖ్యలన్నీ మారితే ఎప్పుడో చదివేసిన ఇరవై వ్యాసాలు ఒక్కసారిగా "కొత్తవి"గా ఊడిపడతాయి. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. పత్రిక వాళ్ళు పొద్దున వేసిన వార్తలో మృతుల సంఖ్య తప్పని తెలిసి మధ్యాహ్నం దిద్దుతారు, వ్యాసం గుర్తింపు సంఖ్య మాత్రం అదే ఉంటుంది. అప్పుడు కొన్ని రీడర్లు మార్పును చూపిస్తాయి, కొన్ని పొద్దుటి పాఠాన్నే పట్టుకుని కూర్చుంటాయి. ఫీడ్‌లో చదివిన అంకెను ఇంకొకరికి చెప్పబోయే ముందు లింకు తెరిచి చూసేవాళ్ళు అందుకే చూస్తారు.

పేర్లు, పుట్టుక

ఫీడ్లలో ఎక్కువగా వినిపించే పేరు ఆర్ఎస్ఎస్. (నాగపూర్‌తో సంబంధం లేదు.) 1999 మార్చిలో బ్రౌజర్ తయారుచేసే నెట్‌స్కేప్ సంస్థలో ఇది మొదలైంది. దాన్ని తయారుచేసినవారిలో ఐఐటీ మద్రాసులో చదివిన ఆర్.వి. గుహ ఒకరు. తర్వాత ఎవరి రూపం అసలైనదనే విషయంలో పెద్ద తగువే నడిచింది. ఒక వర్గం 2000లో ఆర్ఎస్ఎస్ 1.0 తెచ్చింది. అమెరికా సాఫ్ట్‌వేర్ రూపకర్త డేవ్ వైనర్ వైపు నుంచి 2002లో ఆర్ఎస్ఎస్ 2.0 వచ్చింది. ఈ గొడవ మాకొద్దన్నవాళ్ళు ఆటమ్ అనే మరో రూపం తయారుచేస్తే అది 2005 డిసెంబరులో ప్రమాణంగా నిలబడింది. చదివేవాళ్ళకు ఈ తేడాలతో పని లేదు, దాదాపు ప్రతి రీడరూ అన్నిటినీ తెరుస్తుంది.

ఇప్పటిదాకా ఆర్ఎస్ఎస్ పేరే వినలేదనుకునే చాలామంది దాన్ని రోజూ వాడుతున్నారు. పాడ్‌కాస్ట్‌లు నడిచేది చాలావరకు ఆర్ఎస్ఎస్ మీదే. ఒక్కో ఎపిసోడ్ ఫీడ్‌లో ఒక అంశం, దానికి ఆడియో ఫైలు తగిలించి ఉంటుంది. యూట్యూబ్‌లో ప్రతి ఛానెల్‌కూ బయటికి కనిపించని ఫీడ్ ఒకటి ఉంది. అందులో తాజా పదిహేను వీడియోలు ఉంటాయి, పక్కన "ఇది కూడా చూడండి" అనే వరుస ఉండదు.

తెలుగువాళ్ళకు ఇదేం కొత్త కాదు. తెలుగు బ్లాగులు జోరుగా నడిచిన రోజుల్లో కూడలి, జల్లెడ, హారం, మాలిక ఉండేవి. ఎవరు ఏ ఊళ్ళో కూర్చుని ఏం రాసినా వాటిలో కనిపించేది. ఆ సైట్లు బ్లాగుల ఫీడ్లను పోగేసి ఒకే పేజీలో చూపించేవి. అక్కడ ఏ బ్లాగులు ఉండాలన్నది నడిపేవాళ్ళ చేతిలో ఉండేది. సొంత రీడర్‌లో అది మీ చేతిలో ఉంటుంది.

గూగుల్ రీడర్ పోయినా ఫీడ్లు ఎలా మిగిలాయి

గూగుల్ రీడర్ 2005లో వచ్చింది. వాడకం తగ్గిందని చెప్పి గూగుల్ దాన్ని 2013 జులై 1న మూసేసింది. అప్పటికి చాలామందికి రీడర్ అంటే అదొక్కటే తెలుసు కాబట్టి ఫీడ్లే పోయాయన్న మాట స్థిరపడింది. 2018 చివర్లో ఫైర్‌ఫాక్స్ కూడా తనలోని ఫీడ్ సదుపాయాన్ని తీసేయడంతో ఆ మాటకు ఇంకాస్త బలం వచ్చింది.

పోయింది చదివే యాపు. ఫైళ్ళు సైట్ల దగ్గరే ఉన్నాయి. వర్డ్‌ప్రెస్‌తో నడిచే సైట్ చిరునామా చివర /feed అని చేరిస్తే చాలాచోట్ల ఇప్పటికీ తెరుచుకుంటుంది. మూసేసేటప్పుడు గూగుల్ వాళ్ళు చందా జాబితాను, అంటే మనం ఎంచుకున్న ఫీడ్ల జాబితాను, ఓపీఎంఎల్ అనే ఫైలుగా దించుకోనిచ్చారు, జనం దాన్ని తీసుకెళ్ళి ఫీడ్లీలోనో ఇంకోదాంట్లోనో పెట్టుకున్నారు. ఈ సదుపాయాన్ని తక్కువగా చూడకూడదు. ఫేస్‌బుక్‌లో మీరు ఫాలో అయిన పేజీలను మూటగట్టుకుని ఇంకో కంపెనీ దగ్గరికి వెళ్ళే దారి లేదు. ఫీడ్లలో రీడర్ నచ్చకపోతే జాబితాతో సహా లేచి వెళ్ళిపోవచ్చు. ఇవాళ ఫీడ్లీ, ఇనోరీడర్, ఆపిల్ ఫోన్లకు నెట్‌న్యూస్‌వైర్, ఆండ్రాయిడ్‌కు ఫీడర్, సొంత సర్వర్ నడుపుకునేవాళ్ళకు ఫ్రెష్‌ఆర్ఎస్ఎస్ లాంటివి వాడకంలో ఉన్నాయి. కొన్ని పూర్తిగా ఉచితం, కొన్నిటిలో పైస్థాయి సదుపాయాలకు డబ్బు కట్టాలి.

ప్రశాంతత ఎక్కడి నుంచి వస్తుంది: ఒక లెక్క

"ఫీడ్ రీడర్ పెట్టుకున్నా, ఇంకా టెన్షన్ ఎక్కువైంది" అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. ఒక ఉదాహరణ వేసుకుందాం. అంకెలు ఊహించినవే.

హన్మకొండలో గ్రూప్స్‌కు చదువుతున్న ఒకమ్మాయి నాలుగు ఫీడ్లు పెట్టుకుంది. ఒక రాష్ట్రస్థాయి తెలుగు పత్రిక నుంచి రోజుకు 120 వార్తలు, ఒక జాతీయ ఇంగ్లిషు పత్రిక నుంచి 80, ఒక సైన్సు సైట్ నుంచి 20 వస్తాయి. కాకతీయుల చెరువుల మీద ఓపిగ్గా రాసే ఒక బ్లాగు నుంచి నెలకు రెండు వస్తాయి. రోజుకు 220 శీర్షికలు అన్నమాట. ఒక్కో శీర్షిక చూసి వదిలేయడానికి ఐదు సెకన్లు పట్టినా 1,100 సెకన్లు, అంటే పద్దెనిమిది నిమిషాలు, ఒక్క వ్యాసం కూడా తెరవకుండానే. నెల తిరిగేసరికి 6,600 శీర్షికల మధ్య ఆ రెండు బ్లాగు వ్యాసాలు ఉంటాయి. ఆమె రీడర్ పెట్టుకున్నదే ఆ రెండిటి కోసం కావచ్చు. రెండు రోజులు తెరవకపోతే "చదవనివి 440" అని ఎర్ర అంకె కూర్చుంటుంది. వాట్సాప్ గ్రూపుల్లో పడ్డ పరేషానే మళ్ళీ ఇక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు తెలుగు పత్రిక మొత్తం ఫీడ్ బదులు తెలంగాణ విభాగం ఫీడ్ ఒక్కటే ఉంచితే రోజుకు 25 అనుకుందాం. ఇంగ్లిషు పత్రికను ఎలాగూ లైబ్రరీలో కాగితం మీద చదువుతుంది కాబట్టి ఫీడ్ తీసేస్తుంది. 25కు సైన్సు సైట్‌వి 20 కలిపితే రోజుకు 45. చూడటానికి నాలుగు నిమిషాలు కూడా పట్టదు. బ్లాగును వేరే ఫోల్డర్‌లో పెడితే నెలలో ఎప్పుడు వచ్చినా కంటికి ఆనుతుంది.

యాప్ మారలేదు, మారింది జాబితా. నా లెక్కలో ఫీడ్లు బాగా పనికొచ్చేది అరుదుగా రాసేవాళ్ళ విషయంలోనే. రోజుకు వంద రాసే సంస్థను చూడటానికి దాని సైట్‌కే వెళ్ళొచ్చు, అక్కడ కనీసం ఏది ముఖ్యమో ఒక సంపాదకుడు చూసి పైన పెట్టి ఉంటాడు. రీడర్‌లో అన్నీ సమయం వరుసలో ఒకే సైజులో పడి ఉంటాయి. బడ్జెట్ వార్తా, సినిమా తార పుట్టినరోజూ పక్కపక్కనే.

నోటిఫికేషన్లు ఆపేస్తే సరిపోదా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆపేస్తే మోత తగ్గుతుంది. యాప్ తెరిచాక ఏది ముందు కనిపించాలన్నది మాత్రం అప్పుడూ యాప్ వాళ్ళదే.

తెలుగులో ఫిల్టర్ పెడితే వచ్చే తంటా

చాలా రీడర్లలో ఫలానా మాట ఉన్న వార్తలే చూపించు అని ఫిల్టర్ పెట్టుకోవచ్చు. ఇంగ్లిషులో ఇది హాయిగా పనిచేస్తుంది. తెలుగులో అంత సులువు కాదు, ఎందుకంటే మన విభక్తులు మాటకే అతుక్కుంటాయి. వరంగల్, వరంగల్‌లో, వరంగల్లు, వరంగల్‌కు. పూర్తి మాట సరిపోలితేనే చూపించే రీడర్‌లో "వరంగల్" అని పెడితే మొదటిది దొరుకుతుంది, మిగతావి జారిపోతాయి. మాటలో ముక్కను కూడా వెతికే రీడర్ అయితే "వరంగల" అని పొల్లు లేకుండా పెడితే అన్నీ తగులుతాయి. పొల్లు అక్షరం తర్వాత వచ్చే గుర్తు కాబట్టి దాని ముందు దాకా అన్ని రూపాలూ ఒకటే.

హన్మకొండ ఇంకా చిక్కు. హన్మకొండ, హనుమకొండ, హనమకొండ అని మూడు రకాలుగా రాస్తారు. 2021లో జిల్లా పేరు అధికారికంగా మారిన తర్వాత కూడా పత్రికలన్నీ ఒక దారికి రాలేదు. మూడిటికీ మొదట ఉన్న "హన" పెడదామంటే వాహనాలు, వాహనదారులు అన్నీ వచ్చి పడతాయి, వాటిలో "హన" ఉంది మరి. జిల్లా వార్తల కోసం పెట్టిన ఫిల్టర్ రాష్ట్రంలోని రోడ్డు ప్రమాదాలన్నీ పోగేస్తుంది. చివరి నుంచి "మకొండ" పెడితే మూడు రూపాలూ దొరుకుతాయి, చెత్త కూడా పెద్దగా రాదు. ఓరుగల్లు అని రాసే సాహిత్య పేజీలకు మళ్ళీ వేరే ఫిల్టర్ కావాలి.

దగ్గరి వార్తే దొరకదు

ప్రపంచ వార్తలకు ఫీడ్లు పుష్కలం. బీబీసీ తెలుగుకు ఉంది. కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం (పీఐబీ), రిజర్వ్ బ్యాంకు తమ ప్రకటనలను ఆర్ఎస్ఎస్‌లో ఇస్తాయి. తెలుగు వికీపీడియాలో ఏ పేజీ చరిత్రకైనా ఫీడ్ ఉంది. ఓరుగల్లు కోట పేజీలో ఎవరు ఏం మార్చారో కూడా ఇంట్లో కూర్చుని గమనించవచ్చు.

ఏనుమాముల మార్కెట్‌లో ఇవాళ తేజ మిర్చి క్వింటాలు ఎంత పలికింది, మన డివిజన్‌లో నీళ్ళు ఎప్పుడొస్తాయి, కాజీపేట దగ్గర ఏ రైలు దారి మళ్ళించారు? వీటికి ఫీడ్ వెతకబోతే చాలాసార్లు చేతికి ఏమీ తగలదు. తెలుగు పత్రికల జిల్లా పేజీలు ఎక్కువగా ఈ-పేపర్‌లో బొమ్మల రూపంలో ఉంటాయి. బొమ్మలోని అక్షరాలు ఫీడ్‌లోకి రావు. ప్రభుత్వ శాఖల సైట్లు చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను పెట్టి వదిలేస్తాయి. ఉద్యోగ ప్రకటనలకు ఎదురుచూసేవాళ్ళు అందుకే ఒకే పేజీని రోజుకు పదిసార్లు తెరుస్తుంటారు, లేదంటే "బిగ్ బ్రేకింగ్" అని అరిచే ఛానెళ్ళ చేతికి చిక్కుతారు. ఫీడ్ లేని పేజీలో మార్పును కనిపెట్టి దాన్నే ఫీడ్‌గా మార్చే సదుపాయం కొన్ని రీడర్లలో ఉంది, సాధారణంగా డబ్బు కట్టే పథకాల్లో. పేజీ నిర్మాణం మారితే అదీ తప్పిపోతుంది.

కాబట్టి ఫీడ్ రీడర్ పెట్టుకున్న వరంగల్ మనిషికి జెనీవాలో ఏం జరిగిందో పొద్దుగాలే తెలుస్తుంది, పక్క వీధి కోసం మాత్రం కాలనీ వాట్సాప్ గ్రూపులో ఉండక తప్పదు. ఇది ఫీడ్ అనే పద్ధతిలోని లోపం కాదు, ప్రచురించేవాళ్ళు ఆ ఫైలు పెట్టకపోవడం. వాడేవాడికి మాత్రం రెండిటికీ తేడా లేదు.

ఒప్పుకోనివాళ్ళ వాదనలు

పత్రికల వైపు నుంచి వచ్చేది బలమైన వాదన. రీడర్‌లో పూర్తి పాఠం చదివేస్తే సైట్‌లోని ప్రకటన ఎవరూ చూడరు. ప్రకటన లేకపోతే మండల విలేకరికి ఇచ్చే ఆ నాలుగు రూపాయలు కూడా రావు. అందుకే చాలా సైట్లు ఫీడ్‌లో రెండు వాక్యాలే పెట్టి, మిగతాది ఇక్కడికొచ్చి చదవమంటాయి. చదివేవాళ్ళకు ఇది విసుగే, కానీ శీర్షిక చూసి కావాల్సింది మాత్రమే తెరిచేవాళ్ళకు రెండు వాక్యాలు చాలు. రాసేది తమ తృప్తి కోసం అనుకునే బ్లాగర్లు మాత్రం పూర్తి పాఠమే ఇస్తుంటారు.

రెండో వాదన, ఏది చూపించాలో యాప్‌లో తేల్చే అల్గారిథం తరఫున. మీకు తెలియనిదాన్ని మీ ముందుకు తెచ్చేది అదే కదా అంటారు. నిజమే. తెలియని రచయితను ఎవరూ జాబితాలో చేర్చుకోలేరు. జాబితా మనమే రాసుకుంటే అందులో మనకు నచ్చే గొంతులే ఉంటాయి. మన పార్టీ పత్రిక, మన భావజాలం బ్లాగు, మన కులం సంఘం పేజీ. యంత్రం కట్టిన గోడల కన్నా మనం కట్టుకున్న గోడలు గట్టిగా ఉండొచ్చు. ఒక తేడా మాత్రం ఉంది. రీడర్‌లో జాబితా కళ్ళెదుట ఉంటుంది, అందులో ఒకే వైపు వాళ్ళు ఉన్నారని లెక్కపెట్టి చూడొచ్చు. యాప్ మనకు ఏం చూపించకుండా ఆపిందో లెక్కపెట్టే వీలు లేదు. అలా లెక్కపెట్టి జాబితా మార్చుకునేవాళ్ళు ఎంతమంది అంటే, అది వేరే ముచ్చట.

మూడోది, ఇది చదువుకున్నవాళ్ళ సరదా అన్న మాట. దీన్ని కొట్టిపారేయడం కష్టం. ఫీడ్ చిరునామా వెతకడం, ఫోల్డర్లు, ఫిల్టర్లు, వీటన్నిటికీ కొంత తీరిక, కొంత కంప్యూటర్ పరిచయం కావాలి. వార్తలను తనే ఎంచి చూపించే గూగుల్ డిస్కవర్‌కు ఏమీ చేయనక్కర్లేదు, ఆండ్రాయిడ్ ఫోన్ కొంటే చాలావరకు వచ్చేస్తుంది.

మీరు ఏం చదువుతున్నారో ఎవరికి తెలుస్తుంది

ఫోన్లోనే ఉండి నేరుగా సైట్లను అడిగే రీడర్ అయితే ప్రతి సైట్‌కూ మీ ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే అంకెల చిరునామా) కనిపిస్తుంది, అంతకు మించి పెద్దగా ఏమీ తెలియదు. ఫీడ్లీ లాంటి సేవ అయితే అడిగేది వాళ్ళ సర్వరు. ఫలానా ఫీడ్‌కు తమ దగ్గర ఇంతమంది చందాదారులు ఉన్నారని అంకె మాత్రం సైట్‌కు చెబుతుంది. మీ పూర్తి జాబితా, ఏది తెరిచారు, ఏది వదిలేశారు అన్నది మాత్రం ఆ సేవ నడిపే కంపెనీకి తెలుస్తుంది.

వరద రాత్రి ఫీడ్ రీడర్ పనికొస్తుందా

2023 జులై 26, 27 తేదీల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. జనం ఇళ్ళ మీదికి, చెట్ల మీదికి ఎక్కారు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. అలాంటి రాత్రి గంటకోసారి బోర్డు చూసొచ్చే పద్ధతి దేనికీ అక్కరకు రాదు. నీళ్ళు గంట ఆగవు.

అడిగేదాకా ఆగకుండా కొత్తది రాగానే నెట్టే పద్ధతి ఫీడ్లకూ ఉంది. వెబ్‌సబ్ అనే ఆ ప్రమాణం 2018లో ఖరారైంది, కానీ సైటూ రీడరూ రెండూ దాన్ని వాడితేనే పనిచేస్తుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ తన సచేత్ వేదికలో హెచ్చరికలను ఫీడ్ రూపంలోనూ ఇస్తుంది. అది ఎక్కువగా పనికొచ్చేది ఆ హెచ్చరికలను తమ యాప్‌లోనో సైట్‌లోనో చూపించాలనుకునేవాళ్ళకు. ఊళ్ళో పడుకున్న మనిషిని లేపగలిగేది సెల్ టవర్ నుంచి నేరుగా వచ్చే ప్రసార హెచ్చరిక. 2023లో దేశంలో విడతలవారీగా చాలా ఫోన్లు ఉన్నట్టుండి గట్టిగా మోగిన పరీక్ష దానిదే. దానికి యాపూ అక్కర్లేదు, చందా జాబితా అక్కర్లేదు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఫోన్ సెట్టింగుల్లో అత్యవసర హెచ్చరికలను ఆపి ఉంచితే మాత్రం కొన్ని రకాల హెచ్చరికలు రాకపోవచ్చు.